దొరకని ఆల్బం మీద మనసు పడితే

2016 జులైలో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ నగరంలో ఒక సీడీ బయటపడింది. షెర్‌వుడ్ అనే పేటలో ఆక్స్‌ఫామ్ సేవాసంస్థకు ఒక దుకాణం ఉంది. జనం ఇచ్చేసిన వస్తువులను అక్కడ తక్కువ ధరకు అమ్ముతారు. ఆ సీడీ కూడా అలా వచ్చిందే. అట్ట మీద జపాన్ మాంగా బొమ్మ, బ్యాండ్ పేరు పాంచికో, ఆల్బం పేరు ‘డెత్‌మెటల్’. ఆ పేరులో అక్షరానికీ అక్షరానికీ మధ్య బాణం గుర్తులు. ఏడాది 2000. వాయించిన కుర్రాళ్ల పేర్లున్నాయి గానీ ఇంటిపేర్లు లేవు.

పేరు చూసి గిటార్ల హోరు ఉంటుందనుకున్నవాళ్లకు అందులో ఇంకేదో వినిపించింది. తాపీగా తిరిగే డ్రమ్ లూపులు, పొగమంచులా కమ్ముకునే సింథసైజర్, పెద్దగా నోరు విప్పకుండా పాడే గొంతు, అన్నిటి కిందా ఒకటే దిగులు. దానికి తోడు డిస్క్ పాడైపోయి పాటల నిండా గరగర. ఉన్నవి నాలుగే పాటలు కాబట్టి సంగీతప్రియులు దీన్ని ఈపీ అంటారు. ఇంటర్నెట్‌లోకి ఎక్కిన ఆ నాలుగు పాటలూ వేలమందిని పట్టుకున్నాయి. చేసిందెవరో తెలియదు. శుభ్రమైన కాపీ ఎక్కడా దొరకదు. నాలుగేళ్లపాటు అలాగే గడిచింది.

ఇలాంటి సంగీతం మీద మనసు పడటం చాలామందికి జరిగేదే. అర్ధరాత్రి ఎవరో పంపిన లింకు తెరిస్తే ఒక ఎలక్ట్రానిక్ పాప్ పాట వినిపిస్తుంది. మర్నాడు వెతికితే ఏ యాప్‌లోనూ ఉండదు. సీడీ అచ్చు ఆగిపోయి ఏళ్లయి ఉంటుంది. ఆ పాట మాత్రం మనిషిని వదలదు. అప్పుడేం చేయాలన్నదే ఈ అధ్యాయం. వెతుకులాట ఆల్బం చేతికి రావడంతో ఆగకూడదు, దాన్ని చేసిన మనిషి దాకా వెళ్లాలి. కింద చెప్పబోయే పనులన్నీ ఆ దారిలోవే.

పాట మీద ఇష్టమా, కొరత మీద మోజా?

1975లో స్టీఫెన్ వర్చెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి, బిస్కెట్లతో ఒక ప్రయోగం చేశాడు. కొందరికి పది బిస్కెట్లున్న జాడీలోంచి ఒకటిచ్చారు, మరికొందరికి రెండే ఉన్న జాడీలోంచి. రెండూ ఒకే రకం బిస్కెట్లు. రెండే ఉన్న జాడీలోవి ఎక్కువ కావాలనిపించాయి, ఎక్కువ ఖరీదు చేస్తాయనిపించాయి. రుచికి మాత్రం మార్కులు పెరగలేదు.

దొరకని ఆల్బం విషయంలో మొదట తేల్చుకోవలసింది ఇదే. దొరకదన్నందుకు కావాలనిపించడం ఒకటి, విన్నకొద్దీ బాగుండటం ఇంకొకటి. మొదటిదాని కోసం చేసిన ఖర్చు వస్తువు ఇంటికొచ్చిన వారానికే బరువనిపిస్తుంది. రెండోదాని కోసం పడిన శ్రమ ఏళ్ల తరబడి ఫలితమిస్తుంది.

తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు. ఈ ఆల్బం రేపు పొద్దున అన్ని యాప్‌లలో ఉచితంగా వచ్చేస్తే సంతోషం కలుగుతుందా, ఏదో చేజారినట్టుంటుందా? సంతోషమే కలిగితే ఆ ఇష్టం పాట మీదిది. చేజారినట్టుంటే నాలుగు రోజులు ఆగి మళ్లీ వినాలి. ఫోన్ పక్కనపెట్టి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మధ్యలో దాటవేయకుండా. ఉదయం ఒకసారి, పనులన్నీ అయ్యాక రాత్రి ఇంకొకసారి. రెండు పూటలా నిలబడ్డ ఆల్బం కోసం ఎంత దూరమైనా వెళ్లొచ్చు.

దిగులు ఎక్కడి నుంచి వస్తోంది?

ఇష్టం పాట మీదేనని తేలాక, అది దేనివల్ల పుట్టిందో గమనించడం రెండో పని. ఇందులో సరదా ఉంది, లాభమూ ఉంది. ఇష్టానికి కారణం తెలిసినవాళ్లు అలాంటి సంగీతాన్ని మరోచోట గుర్తుపట్టగలుగుతారు.

యంత్రాల సంగీతం పొడిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. సింథసైజర్ లోపలికి తొంగిచూస్తే ఆ అభిప్రాయం మారుతుంది. అందులో ధ్వనిని పుట్టించే భాగాన్ని ఆసిలేటర్ అంటారు. రెండు ఆసిలేటర్లను ఒకే స్వరానికి కచ్చితంగా కలిపితే ధ్వని నిటారుగా, కదలకుండా నిలబడుతుంది. ఒకదాన్ని వెంట్రుకవాసి తప్పిస్తే రెండూ ఒకదానికొకటి ఎదురుపడి విడిపోతూ, స్వరం నెమ్మదిగా అలలా ఊగుతుంది. పాత క్యాసెట్ సాగినప్పుడు వచ్చే వణుకు లాంటిదది. స్కాట్లండ్‌కు చెందిన బోర్డ్స్ ఆఫ్ కెనడా బృందం 1998లో తెచ్చిన ‘మ్యూజిక్ హ్యాజ్ ద రైట్ టు చిల్డ్రన్’ ఆల్బం నిండా ఈ ఊగిసలాటే. వాళ్లు చిన్నప్పుడు చూసిన డాక్యుమెంటరీలు తీసిన సంస్థ నేషనల్ ఫిల్మ్ బోర్డ్ ఆఫ్ కెనడా. బృందానికి ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది.

శ్రోతల వైపు నుంచి చూస్తే, లిలియానా తరుఫీ, స్టెఫాన్ కోల్ష్ అనే పరిశోధకులు 2014లో 772 మందిని అడిగి ఒక అధ్యయనం ప్రచురించారు. దిగులు పాటలు విన్నప్పుడు ఎక్కువమందికి కలిగిన భావం దుఃఖం కాదు, గతం మీద బెంగ. ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని చోట కాసేపు ఆ బెంగతో కూర్చోవడంలో ఓదార్పు ఉంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పాట అయ్యాక మనసు తేలికపడిందా, అదే ఆలోచన ఇంకా గట్టిగా గిరగిరా తిరుగుతోందా అని చూసుకోవాలి. వరసగా కొన్ని రోజులు బరువే పెరుగుతుంటే ఆ ఆల్బంకు విరామం ఇచ్చి, దగ్గరివాళ్లతో మాట్లాడాలి. అవసరమైతే వైద్యుల దగ్గరికి వెళ్లాలి. పాట ఎక్కడికీ పోదు.

పేర్లు పట్టుకుని పక్కింటికి

వెతుకుతున్న ఆల్బం వెంటనే దొరక్కపోవచ్చు. ఈలోగా దాని చుట్టాలు దొరుకుతారు. అందుకు కావలసింది అట్ట మీది చిన్న అక్షరాలు చదివే ఓపిక.

ది పోస్టల్ సర్వీస్ అనే జంట 2003లో తెచ్చిన ‘గివ్ అప్’ ఆల్బం ఈ తరహా సంగీతంలో అందరికీ తెలిసింది. లాస్ ఏంజిలిస్‌లో ఉన్న జిమ్మీ టాంబరెల్లో సంగీతం చేసి పోస్టులో పంపేవాడు. సియాటిల్‌లో ఉన్న బెన్ గిబ్బర్డ్ దానికి పాట కట్టి, పాడి, తిప్పి పంపేవాడు. బ్యాండ్ పేరు అలా పుట్టింది. ఆ పేరు తమదంటూ అమెరికా తపాలా శాఖ అభ్యంతరం చెప్పింది. చివరికి రాజీ కుదిరి ఆ సీడీని తన వెబ్‌సైట్‌లోనే అమ్మింది.

ఇక్కడ ఆగిపోకుండా టాంబరెల్లో పేరు పట్టుకుని వెనక్కి వెళితే డింటెల్ అనే పేరుతో అతను 2001లో చేసిన ‘లైఫ్ ఈజ్ ఫుల్ ఆఫ్ పాసిబిలిటీస్’ తగులుతుంది. గిబ్బర్డ్‌తో అతని జోడీ మొదలైన పాట అందులోనే ఉంది. ఇదే తరహా సంగీతం కోసం అట్లాంటిక్ దాటి బెర్లిన్ వెళితే మోర్ మ్యూజిక్ అనే చిన్న లేబుల్ కనిపిస్తుంది. దాన్నుంచి వచ్చిన లాలీ పునా బృందంలో మార్కస్ ఆకర్ అనే పేరుంది. అదే ఆకర్ జర్మనీలోని వైల్‌హైమ్ అనే చిన్న ఊరి నుంచి ది నోట్‌విస్ట్ బృందాన్ని నడిపి, 2002లో ‘నియాన్ గోల్డెన్’ పాడాడు. ఒక్కో పేరు వెంట నడిస్తే మూడు నాలుగు ఆల్బంలు. సిఫారసులు చేసే యాప్‌లు వినేవాళ్ల అలవాట్లను బట్టి పోల్చి చూపిస్తాయి. అట్ట మీది పేర్లు నిజంగా కలిసి పనిచేసినవాళ్ల దగ్గరికి తీసుకెళతాయి.

ఆచూకీ తీసే పద్ధతి

పాంచికో కథ చివరికి ఎలా తేలిందో చూస్తే ఈ పద్ధతి అర్థమవుతుంది. బ్యాండ్ పేరుతో వెతికితే ఏమీ రాలేదు. దారి చూపింది సీడీ మీద దుకాణంవాళ్లు అంటించిన ధర చీటీ. దాని ఆధారంగా అది షెర్‌వుడ్ ఆక్స్‌ఫామ్‌లో అమ్మినదని అభిమానులు తేల్చారు. ఊరు తెలిసేసరికి పని సగం తగ్గింది. నాటింగ్‌హామ్‌లో, 2000 ప్రాంతంలో, ఒవైన్ అనే పేరున్న కుర్రాడు. 2020 జనవరిలో ఒక అభిమాని ఫేస్‌బుక్‌లో ఒవైన్ డేవిస్‌కు రాసి, ఆ బ్యాండ్‌లో పాడింది మీరేనా అని అడిగాడు. అవునని జవాబొచ్చింది. స్కూలు రోజుల్లో స్నేహితులతో కలిసి చేసి, దాదాపు 30 కాపీలు మాత్రమే తీసిన ఆ సీడీని వేలమంది వింటున్నారన్న సంగతే ఆయనకు తెలియదు.

దొరికిన ప్రతి ఆధారాన్నీ రాసి పెట్టుకోవడం మొదటి అడుగు. ఆల్బం పేరు, లేబుల్ పేరు, వీపుపట్టీ మీద ఉండే క్యాటలాగ్ నంబరు, బార్‌కోడ్, సంవత్సరం. సీడీని కిందివైపు తిప్పి లోపలి అద్దంలాంటి వలయాన్ని వెలుతురులో చూస్తే సన్నటి అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. అది తయారీ సంఖ్య. ఒకే ఆల్బం రెండుసార్లు అచ్చయితే ఏది ఏదో చెప్పేది ఆ అంకెలే.

రెండో అడుగు డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్. 2000లో అమెరికాలో కెవిన్ లెవాండోస్కీ దీన్ని ఎలక్ట్రానిక్ సంగీతం జాబితాగానే మొదలుపెట్టాడు. తర్వాత అన్ని రకాల సంగీతానికీ విస్తరించింది. అందుకే ఈ తరహా రికార్డులకు ఇదే మొదటి గుమ్మం. ఆల్బంను ‘వాంట్‌లిస్ట్’లో చేర్చుకుంటే ఎవరైనా అమ్మకానికి పెట్టినప్పుడు కబురొస్తుంది.

మూడో అడుగు పాత వెబ్‌సైట్లు. మూతబడ్డ లేబుల్ సైట్ ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో చాలాసార్లు అలాగే ఉంటుంది. అందులో పాత చిరునామాలు, సభ్యుల పేర్లు దొరుకుతాయి. ఇక్కడొక పెద్ద నష్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2000 దశకంలో ఇలాంటి చిన్న బృందాలకు మైస్పేస్ అనే సైట్ నిలయం. సర్వర్లు మార్చేటప్పుడు 2015కు ముందు చేర్చిన పాటలన్నీ పోయాయని ఆ సంస్థ 2019లో ఒప్పుకుంది. 1 కోటి 40 లక్షల మంది కళాకారుల 5 కోట్లకు పైగా పాటలు పోయాయని అంచనా వేశారు. అప్పటికే ఎవరో దింపుకుని దాచిన దాదాపు 4 లక్షల 90 వేల పాటలను ఇంటర్నెట్ ఆర్కైవ్ వినడానికి వీలుగా పెట్టింది. వెతుకుతున్న బృందం 2008–2010 నాటిదైతే అక్కడ తప్పక చూడాలి.

కొనేటప్పుడు

కళాకారులే స్వయంగా అమ్ముతున్నారేమో ముందు చూడాలి. బ్యాండ్‌క్యాంప్ అనే సైట్‌లో డిజిటల్ ఆల్బం కొంటే సంస్థ తీసుకునేది సాధారణంగా 15 శాతం, మిగిలిన దాంట్లో చెల్లింపు ఖర్చులు పోను అంతా చేసినవాళ్లకే వెళుతుంది. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో సంస్థ తన వాటా కూడా వదులుకుంటోంది. పాత సీడీ చేతులు మారినప్పుడు కళాకారులకు పైసా రాదు. రెండు దారులూ తెరిచి ఉన్నప్పుడు మొదటిదాన్నే ఎంచుకోవాలి.

పాత కాపీ తప్పనప్పుడు డిస్కాగ్స్‌లో ఇదివరకు అది ఎంతకు అమ్ముడుపోయిందో చూడాలి. అతి తక్కువ, మధ్యస్థ, అతి ఎక్కువ ధరలు మూడూ కనిపిస్తాయి. అమ్మేవాళ్లు అడిగే ధరకూ జనం నిజంగా ఇచ్చిన ధరకూ చాలా తేడా ఉంటుంది. ఇవ్వదగిన గరిష్ఠ మొత్తాన్ని ముందే కాగితం మీద రాసుకుని, అది దాటితే వదిలేయాలి. ఇంగ్లండ్ నుంచో జర్మనీ నుంచో హైదరాబాద్‌కు, విజయవాడకు తెప్పించుకునేవాళ్లు తపాలా ఖర్చునూ కస్టమ్స్ సుంకాన్నీ ఆ మొత్తంలోనే కలుపుకోవాలి. కొన్నిసార్లు ఆ రెండూ కలిసి సీడీ ధరను మించిపోతాయి.

డిస్క్ కిందివైపు ఫొటో పంపమని అడగడానికి మొహమాటపడకూడదు. కర్మాగారంలో అచ్చయినది వెండిలా మెరుస్తుంది. ఇంట్లో కంప్యూటర్‌లో రాసిన సీడీ-ఆర్ అడుగు తరచూ ఆకుపచ్చ ఛాయతోనో నీలి ఛాయతోనో ఉంటుంది. చిన్న బృందాలు నిజంగానే సీడీ-ఆర్‌లు అమ్మాయి కాబట్టి ఆ ఛాయ కనిపించినంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు. ఆ ఆల్బం అసలు ఎలా వచ్చిందో డిస్కాగ్స్ పేజీలో చూసి పోల్చుకోవాలి.

ఇంటికొచ్చాక

సీడీకి మెరిసే వైపే సున్నితమని అందరూ దాన్నే కాపాడతారు. నిజానికి బొమ్మ ఉన్న వైపే ఎక్కువ ప్రమాదం. పాటలను మోసే అల్యూమినియం పొర పైభాగానే ఉంటుంది. దాని మీద పలచటి లక్కర్ పూత తప్ప రక్షణ లేదు. కింద గీత పడితే పాలిష్ చేసి బాగుచేయవచ్చు. పైన గీత పడి లోహం లేచిపోతే ఆ పాట తిరిగి రాదు. పూత చెడి గాలి తగిలితే లోహం మెల్లగా పాడవుతుంది. సీడీ-ఆర్‌లో పాటలుండేది రంగుపొరలో, అది వెలుతురుకూ వేడికీ చెడుతుంది. మన ఎండలకు కిటికీ పక్కనున్న అలమరా, కారు డ్యాష్‌బోర్డు రెండూ పనికిరావు. అంచులు పట్టుకోవాలి, డబ్బాలో నిలువుగా పెట్టాలి, పైన చీటీలు అంటించకూడదు, బాల్‌పెన్నుతో రాయకూడదు. తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు.

డిస్క్ వచ్చిన రోజే దాన్ని ఫ్లాక్ ఫైళ్లుగా కాపీ చేసుకోవడం మంచిది. ఫ్లాక్‌లో ధ్వని రవ్వంత కూడా పోదు. సీడీలో నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు పట్టే పాట ఇందులో చాలాసార్లు దాదాపు సగంలో ఇమిడిపోతుంది. ఇందుకు ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఇవి మామూలు కాపీలా తొందరపడకుండా, అనుమానం వచ్చిన చోట మళ్లీ మళ్లీ చదివి సరిచూసుకుంటాయి. కాపీలు మూడుండాలి. రెండు వేర్వేరు పరికరాల్లో, ఒకటి ఇంటి బయట. అట్టనూ లోపలి కాగితాలనూ స్కాన్ చేసి అదే ఫోల్డర్‌లో పెట్టాలి. ఆచూకీ తీసినప్పుడు ఎంత పనికొచ్చాయో చూశాక వాటిని వదిలేయడం తగదు.

చేసినవాళ్ల దాకా

ఇంతవరకూ చేసిందంతా శ్రోత కోసం. ఇక మిగిలింది అవతలి మనిషి కోసం.

పాంచికో సభ్యులు 2020లో ఆ పాటలను శుభ్రం చేసి బ్యాండ్‌క్యాంప్‌లో విడుదల చేశారు. గరగరలున్న పాత కాపీని కూడా పక్కనే ఉంచారు, ఎందుకంటే చాలామంది ప్రేమించింది ఆ గరగరలతోనే. ఆ తర్వాత మళ్లీ వేదిక ఎక్కారు, అమెరికాలో పర్యటించారు, 2023లో కొత్త ఆల్బం తెచ్చారు. మన దేశంలోనూ ఇలాంటి సంగతి జరిగింది. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో రాగాలను సింథసైజర్ల మీద, డిస్కో లయలో వాయించి ఒక ఎల్పీ తెచ్చాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2002లో ఎడో బౌమన్ అనే డచ్ సేకర్తకు ఢిల్లీలో ఆ రికార్డు దొరికింది. ఆయన అక్కడితో ఆగకుండా సింగ్‌ను వెతికి పట్టుకున్నాడు. 2010లో ఎల్పీ మళ్లీ వచ్చింది. డెబ్బై దాటిన వయసులో సింగ్ యూరప్ వెళ్లి వాయించాడు. 2015లో చనిపోయేనాటికి తన పనికి దక్కిన గౌరవాన్ని కళ్లారా చూశాడు.

అందరూ ఇలా తలుపు తీయరు. 1983లో లూయిస్ అనే పేరుతో ‘లామూర్’ అనే ఎల్పీ వచ్చింది. గుసగుసలాంటి గొంతు, గిటారు, పియానో, వెనక సింథసైజర్, ఒంటరితనం. 2007లో కెనడాలోని ఎడ్మంటన్‌లో పాత సామాన్ల సంతలో ఒక సేకర్తకు అది దొరికింది. లైట్ ఇన్ ది అటిక్ లేబుల్ దాన్ని 2014లో మళ్లీ విడుదల చేసి, గాయకుడికి చెందవలసిన డబ్బు పక్కన పెట్టి వెతికింది. ఆ ఏడాదే మనిషి దొరికాడు. డబ్బు వద్దన్నాడు, గతం మీద తనకు ఆసక్తి లేదన్నాడు. లేబుల్ ఆ మాటను గౌరవించింది.

కళాకారులకు రాసేటప్పుడు ఈ రెండు రకాల మనుషులూ గుర్తుండాలి. ఉత్తరం చిన్నదిగా ఉండాలి. ఏ పాట, ఎప్పుడు విన్నారు, అందులో ఏ చోటు పట్టుకుంది అన్నది రాస్తే చాలు. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా తవ్వి తీయకూడదు. బంధువులకు రాయకూడదు. జవాబు రాకపోతే అదే జవాబనుకోవాలి. చేసినవాళ్ల అనుమతి లేకుండా పాటలను ఇంటర్నెట్‌లో పెట్టకూడదు. పెడతామని అడిగితే సంతోషంగా ఒప్పుకునేవాళ్లు చాలామందే ఉంటారు.

ఈ నెలలో చేయవలసిన పని

ఒక నోటుపుస్తకం తీసుకుని, ఎప్పటి నుంచో వెంటాడుతున్న ఒకే ఒక్క ఆల్బం పేరు మొదటి పేజీలో రాయాలి. అది జర్మనీ ఎలక్ట్రానిక్ పాప్ అయినా సరే, అటక మీది క్యాసెట్‌లో సగం చెరిగిన లలితగీతాలైనా సరే, పద్ధతి ఒక్కటే.

మొదటి వారం వినడం. రెండు పూటలా పూర్తిగా విని, ఏ పాటలో ఏ నిమిషం దగ్గర మనసు ఆగిందో రాయాలి. రెండో వారం ఆధారాలు. క్యాటలాగ్ నంబరు నుంచి ధర చీటీ దాకా కనిపించిందల్లా ఎక్కించి, అట్ట మీది పేర్లలో మూడింటి వెంట వెళ్లి చూడాలి. మూడో వారం లెక్క. కళాకారుల దగ్గర దొరుకుతుందా, లేకపోతే గరిష్ఠంగా ఎంత ఇవ్వవచ్చు, కాపీలు ఎక్కడ దాచాలి. నాలుగో వారం ఉత్తరం. ఆల్బం ఇంకా చేతికి రాకపోయినా, చేసినవాళ్ల పేరు తెలిసి, పదిమందికీ తెలిసేలా వాళ్లు పెట్టుకున్న చిరునామా ఉంటే ఉత్తరం రాసేయొచ్చు. మొదటి వారం గుర్తుపెట్టుకున్న నిమిషాన్ని అందులో మొదటి వాక్యంలోనే చెప్పాలి.